కట్టుకు అవతల

పడిపోయిన హద్దురాయిని రెండు చేతులా ఎత్తి గుంటలో నిలబెట్టి, చుట్టూ మట్టి పోసి మడమతో తొక్కుతున్నాడు సాయన్న. రాత్రి ఎవరి మేకల మందో గంజ్‌లో పడి మేసి పోయినట్టుంది. మేకకు వీపు దురద పుడితే అది సర్కారు రాయా మామూలు రాయా అని చూడదు. రుద్దుకుంటుంది, రాయి ఒరుగుతుంది. పొద్దున్నే లేచి దాన్ని మళ్ళీ నిలబెట్టడం సాయన్న కొలువు. రాయి నిలిచాక వెనక్కు జరిగి, ఒక కన్ను మూసి, వరుస కుదిరిందో లేదో చూసుకున్నాడు. తర్వాత ఇంకో రాయి దగ్గరికి నడిచాడు.

మనిషి పొడుగు. రైలుకట్ట వేసిన రోజుల్లో మట్టి తట్టలూ ఇనుప పట్టాలూ మోసి మోసి ఎడమ భుజం కాయకట్టింది. ఆ పక్కకే ఒరిగి నడుస్తాడు. ఎండకు మాడిన ముఖం, దాని మీద తెల్లటి మీసం, కాళ్ళకు బీడునేల నెర్రెల్లాంటి పగుళ్ళు. కొలువులో చేరిన కొత్తలో ఇచ్చిన ఖాకీ కోటు ఇప్పటికీ ఒంటి మీద ఉంది. గుండీలు ఎప్పుడో ఊడిపోతే జనపతాడు ముక్కలతో ముడివేసుకున్నాడు. లోపల అంగీ లేకపోయినా ఉంటాడు గానీ ఆ కోటు లేకుండా గంజ్‌లో తిరగడు.

ఈ గంజ్ సంగతి, అంటే ఈ అంగడి సంగతి, కొంచెం చెప్పాలి. గద్వాలకూ వనపర్తి రోడ్డుకూ నడుమ తుమ్మలచేడు రోడ్డు అని ఒక చిన్న స్టేషన్. స్టేషన్ పేరుకు రోడ్డు అనే తోక ఉందంటే ఊరు అక్కడ లేదని అర్థం. తుమ్మలచేడు రెండు కోసుల అవతల ఉంది. నడుమ ఉన్నది బండ్ల బాట. దాన్ని రోడ్డు అన్నవాడి నోరు చల్లగుండాలి. రైలు పడ్డ కొత్తలో ఒక పెద్ద అధికారి గుర్రం మీద వచ్చి, ఈ ఎర్రమట్టి బీడును కలయజూసి, ఇక్కడ పట్టణం లేస్తుందన్నాడు. కాగితం మీద చదరాలు గీశాడు. ప్రతి వీధీ స్టేషన్ వైపు తిరగాలి, ఏ దుకాణమూ బండి కూత వినపడనంత దూరాన ఉండకూడదు, చుట్టుపక్కల పల్లికాయా ఆముదాలూ ఇక్కడికే వచ్చి రైలెక్కాలి, గద్వాల గుమాస్తాలు పొద్దటి బండికి దిగి పని చూసుకుని సాయంత్రం బండికి ఇల్లు చేరాలి. రైలుంటే చాలు, ఊరు దాని వెంట అదే నడిచి వస్తుందని ఆయన నమ్మకం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్క ఇల్లు లేవకముందే వీధులకు పేర్లు కూడా పెట్టాడు. రాళ్ళు పాతించి, వాటికి సాయన్నను కావలి పెట్టి, గుర్రమెక్కి పోయాడు. మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

ఊరు నడిచి రాలేదు. వ్యాపారులైతే వచ్చారు. పొద్దటి బండికి దిగి తాళాలు తీసేవారు, సాయంత్రం తాళాలు వేసి బండెక్కేవారు. ఇన్నేళ్ళూ అదే వరుస. పొద్దుగూకితే గంజ్‌లో మిగిలేది చాయ్ హోటల్ నడిపే బాబు మియా, అతని భార్య మౌలాబీ, సాయన్న. పెద్ద అధికారి మరిచింది ఒక్కటే. గంజ్‌కు బొడ్రాయి లేదు.

మనిషికి బొడ్డు ఎట్లాగో ఊరికి బొడ్రాయి అట్లా. నడిమధ్యన ఆ రాయి పాతి పూజ చేస్తేనే అది ఊరు. అది లేని చోట సంసారి దీపం పెట్టడు, పెళ్ళి పందిరి వేయడు. అక్కడ పుట్టిన బిడ్డకు చెప్పుకోవడానికి ఊరుండదు, అక్కడ చచ్చినవాడికి కాడుండదు. వీధులు ఎంత తిన్నగా గీసినా అవి గీతలే.

ఈ మాట సాయన్నకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాళ్ళది తుమ్మలచేడులో నీరడి వంతు. తాత తండ్రుల నాటి నుంచి చెరువు తూము తీయడం, ఏ మడికి నీళ్ళు అందలేదో చూసి మళ్ళించడం వాళ్ళ పని. రైలు కూలికి వచ్చి, గంజ్ కావలికి కుదిరి, రెండూ చూసుకుందామనుకున్నాడు. భార్య పోయిన మరుసటి ఎండాకాలం తుమ్మలచేడులో పాత బొడ్రాయి పగిలిందని కొత్తది నిలబెట్టారు. ఆ రోజు ఊరికి కట్టు కడతారు. పొలిమేర చుట్టూ పొలి, అంటే నెత్తుటన్నం, చల్లి గీత మూసేస్తే, లోపలివాళ్ళు బయటికి పోరాదు, బయటివాళ్ళు లోపలికి రారాదు. గీత మూసేటప్పటికి లోపల ఉన్నవాడే ఊరివాడు. ఆ పొద్దు గంజ్‌లో దింపిన దూలాలకు కాపలా ఉండమని హుకుం అయింది. వాటిని అప్పజెప్పి, పసిపిల్ల భాగ్యమ్మను భుజాన వేసుకుని సాయన్న ఉరికేసరికి గీత మూసేశారు. పొద్దుగూకేదాకా పిల్లతో గీత బయటే నిలబడ్డాడు. ఆ తర్వాత నీరడి వంతు దాయాది మల్లయ్యకు పోయింది. సాయన్న రెంటికి చెడ్డ రేవడి అయ్యాడు.

తనకైతే పోనీ అనుకునేవాడే. భాగ్యమ్మను ఇటిక్యాలకు ఇచ్చాడు. అక్కడ ప్రతి పండుగకూ తోటికోడళ్ళను పుట్టినూళ్ళ వాళ్ళు వచ్చి తోలుకుపోతారు. ఈమెను పిలిచే ఊరు లేదు. "నీకు ఊరేడిదే, రైలుపట్టా నీ తల్లిగారిల్లు" అని అత్త అనేది. భాగ్యమ్మ ఆ మాట తండ్రితో ఒక్కసారే చెప్పింది. సాయన్నకు అది ముల్లులా దిగి లోపలే ఉండిపోయింది. చచ్చేలోగా గంజ్ ఊరు కావాలి, బిడ్డను బొట్టుపెట్టి పిలిపించాలి. ఈ ఆశ తప్ప ఆయనకు వేరే బతుకు లేదు.

ఆ పొద్దు ఇవాళ వచ్చింది. దేశాల నడుమ లడాయి నడుస్తున్న రోజుల్లో నూనెకు గిరాకీ పెరిగి వెంకట్రాములు సేటు గంజ్‌లో పల్లికాయ మిల్లు పెట్టాడు. సాయంత్రం బండికి కూలీలంతా ఎక్కిపోతే రాత్రి మిల్లు నడవదు. కాబట్టి సేటుకు కూడా ఊరు కావలసి వచ్చింది. ఇన్నేళ్ళు సాయన్న మొరపెట్టుకుంటే కదలని దేవుడు సేటు తలుచుకోగానే కదిలాడు. మల్దకల్ దిక్కు నుంచి ఊరి దేవతల పూజలు చేసే బైండ్ల కురుమూర్తిని పిలిపించారు. ఆయన వచ్చి చూసి పెదవి విరిచాడు.

"కట్టు కట్టినంక చీమ గుడ దాటొద్దు. నడుమల నుంచి రైలు పోతె ఎట్ల? మీ రైలు ఆగుతదా?"

దానికి ఉపాయం బాబు మియా చెప్పాడు. స్టేషన్‌ను బయటికి వదిలేసి, ప్లాట్‌ఫారం కంచెకు ఇవతల నుంచి గీత తిప్పుదాం, పొద్దటి బండి పోయాక కట్టి, సాయంత్రం బండికి ముందు విప్పుదాం అన్నాడు. కురుమూర్తి గడ్డం గోక్కుని సరేనన్నాడు. కట్టు విప్పేదాకా లోపలివాళ్ళు అన్నం గానీ నీళ్ళు గానీ ముట్టొద్దని, పసిపిల్లలకూ చూలింతలకూ మాత్రం మినహాయింపని చెప్పాడు.

పొద్దటి బండికి భాగ్యమ్మ దిగింది. పచ్చచీర, చేతిలో చిన్న మూట. స్టేషన్ నుంచి గంజ్ దాకా డప్పుతో తోలుకొచ్చారు. తల్లి లేని పిల్ల గనుక మౌలాబీయే పీట వేసి కూర్చోబెట్టి కొంగులో ఒడిబియ్యం పోసింది. తురకలామె పోస్తే చెల్లుతుందా అని ఎవరో గొణిగారు.

"ఊరే కొత్తదాయె. పద్ధతులు పాతయి యాడికెల్లి తెస్తం?" అన్నాడు కురుమూర్తి.

భాగ్యమ్మ ఒడి పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది. సాయన్న బియ్యం వైపు చూశాడు గానీ బిడ్డ ముఖం చూడలేకపోయాడు. చూస్తే ఏడుపు ఆగదని భయం.

"మీ అత్తకు సూపెట్టు" అన్నాడు.

"సూపెడత నాయినా. ఊరంత తిరిగి సూపెడత."

వీధులు కలిసే చోట గుంట తవ్వి ఉంది. పొట్టేలును కోశారు. వండిన అన్నంలో ఆ నెత్తురు కలిపి గంపకెత్తాడు కురుమూర్తి. పొలి పొలి అని అరుస్తూ, మెతుకులు చల్లుకుంటూ గంజ్ చుట్టూ తిరిగాడు. వెనకాల డప్పులు, వాటి వెనకాల జనం. కంచె ఇవతలికి వచ్చి మొదలుపెట్టిన చోటే చివరి గుప్పెడు చల్లాడు. గీత మూసుకుంది. మిల్లు కూలీలు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, సేటు కుటుంబం, చాయ్ హోటల్ మొగుడూ పెళ్ళాలు, సాయన్న, అతని బిడ్డ అందరూ లోపల ఉన్నారు. సాయన్న తన కాలి ముందున్న మెతుకుల గీతను అటూ ఇటూ చూసుకున్నాడు. ఇన్నేళ్ళకు ఒక గీతకు లోపలి పక్కన నిలబడ్డాడు.

పొద్దు నడినెత్తికెక్కింది. వైశాఖపు ఎండకు నేల పెనంలా కాలుతోంది. గుంటలో రాయిని దించే ముందు కురుమూర్తి దేవతను పిలిచే కొలుపు పాట చెబుతున్నాడు. అప్పుడు కర్నూలు దిక్కు నుంచి కూత వినపడింది.

ఆ వేళకు బండి లేదు. అందరూ తలలు తిప్పారు. గూడ్సు డబ్బాల బండి ఒకటి నెమ్మదిగా వచ్చి, ముందు దారి ఖాళీ లేదేమో, సిగ్నల్ దగ్గర నిలబడిపోయింది. డబ్బాల తలుపులు బెత్తెడు సందు వదిలి గొలుసులతో కట్టి ఉన్నాయి. ఆ సందుల్లోంచి చేతులు బయటికి వచ్చాయి. సీమలో కరువు పడితే కూలికని ఎక్కించుకుని, లడాయి రోడ్లు వేయించడానికి ఎక్కడికో తీసుకుపోతున్నారట. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు.

"నీళ్ళు! రవ్వన్ని నీళ్ళు పోయండి సామీ!"

ఒక డబ్బాలో మొదలైన కేక అన్ని డబ్బాలకూ పాకింది. స్టేషన్ మాస్టరు చేతిలో జెండాతో నిలబడి ఉన్నాడు. ఎవరినీ దించొద్దని హుకుం. స్టేషన్ కుండ పొద్దటి బండికే అడుగంటింది. నీళ్ళున్నది గంజ్ బావిలో, అంటే గీతకు లోపల.

డప్పులు ఆగిపోయాయి. వెంకట్రాములు సేటు చేతులెత్తి జనానికి అడ్డం వచ్చాడు.

"ఎవ్వరు కదలొద్దు! ఇంత చేసి ఇప్పుడు చెడగొడతరా? బండి జర సేపటికి పోతది."

ఎవరూ కదలలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఒక ఊరు దొరుకుతుందని ఆశపడి వచ్చినవాళ్ళు. కొందరు చెవులు మూసుకున్నారు. మౌలాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. డబ్బా సందులోంచి ఒక పసిచెయ్యి ఒట్టి పళ్ళేన్ని అటూ ఇటూ ఊపుతూ ఉంది.

సాయన్న బావి వైపు నడిచాడు. ఏ మడి ఎండితే ఆ మడికి నీళ్ళు మళ్ళించిన నెత్తురు అది. వంతు మల్లయ్యకు పోయింది గానీ బుద్ధి ఎక్కడికి పోతుంది? నీళ్ళు చేది, బిందె నింపి, కాయకట్టిన భుజానికి ఎత్తుకున్నాడు. గీత దగ్గరికి వచ్చేసరికి భాగ్యమ్మ పరుగెత్తుకొచ్చి కోటు పట్టుకుంది.

"వద్దు నాయినా. మళ్ళ రానియ్యరు. తుమ్మలచేడుల ఏమైందో యాది లేదా?"

"యాదుంది."

"అట్లయితె నేను గుడ వస్త."

సాయన్న ఆగాడు. బిడ్డ ఒడిలో బియ్యం కొంగు ముడిలో బరువుగా వేలాడుతున్నాయి.

"నువ్వు రాకు బిడ్డా. ఇద్దర్ల ఒక్కరమన్న లోపల ఉండాలె" అన్నాడు. ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడిపించి, గీత దాటాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని ఆపడం సేటు వల్ల కాలేదు. బాబు మియా బావి దగ్గరికి ఉరికి, నిండిన బిందెలను మోసుకొచ్చి గీత అవతలికి నెట్టసాగాడు. కురుమూర్తి కళ్ళెర్రజేస్తే, "చీమ దాటొద్దన్నవు గని నీళ్ళు దాటొద్దనలె గద!" అని తిరగబడ్డాడు. మిల్లు కూలీలు కూడా చేది అందించారు. సాయన్న ఒక్కడే అవతల. బిందె ఎత్తుకుని డబ్బా డబ్బాకూ ఉరికి, సందుల్లో చాపిన దోసిళ్ళలో, పళ్ళేల్లో, తలగుడ్డల్లో పోశాడు. ఒక ముసలమ్మ రెండు గుక్కలు తాగి అతని చెయ్యి వదల్లేదు. ఆమె ఏదో ఊరి పేరు చెప్పి, ఇది ఆ ఊరేనా అని అడిగింది. కాదన్నాడు సాయన్న. మరి ఇది ఏ ఊరని అడిగితే చెయ్యి విడిపించుకుని పక్క డబ్బాకు ఉరికాడు.

బండి కదిలేదాకా పోశాడు. అది పోయాక చివరి బిందెలో కొన్ని నీళ్ళు మిగిలాయి. అది చంకలో పెట్టుకుని గీత దగ్గరికి తిరిగి వచ్చి నిలబడ్డాడు. ఎగశ్వాస వస్తోంది. కోటు చెమటకు నల్లబడింది. జనం అంతా కురుమూర్తి ముఖం చూశారు.

కురుమూర్తి గీత వెంట రెండుసార్లు నడిచి చూశాడు.

"దాటినోడు దాటిండు. ఇప్పుడు లోపలికొస్తే కట్టు తెగుతది. రాకుంటె తెగదు. ఊరుకు ఏం కాదు."

ఆయన సాయన్నకు రావద్దని చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. సేటు కాలిబొటనవేలితో మట్టి గీకాడు. అందరూ నేల చూస్తూ నిలబడ్డారు. మనిషిని వెలివేయడానికి మాట కూడా ఖర్చు పెట్టలేదు మహానుభావులు.

సాయన్న బిడ్డ వైపు చూశాడు. తర్వాత తల ఊపాడు.

"కానియ్యండి" అన్నాడు.

పట్టాల అవతల పాత చెక్క స్లీపర్ల కుప్ప ఉంది. దాని పక్కన బెత్తెడు నీడ. అక్కడికి పోయి బిందె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. రాయిని గుంటలోకి దించిన చప్పుడు, ఆడవాళ్ళు దండం పెట్టి తల్లీ అని మొక్కిన చప్పుడు అతనికి వినపడే ఉంటాయి. కూర్చున్న చోటి నుంచి కనపడేది మాత్రం జనం వీపులు.

నీడ జరిగిపోయి ఎండ మీద పడినా సాయన్న జరగలేదు. బాబు మియా కంచె పట్టుకుని కేకవేశాడు.

"సాయన్నా, బిందెల నీళ్ళున్నయి గద. జర గొంతు తడుపుకో!"

సాయన్న చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఉపాసం ఉన్న. కట్టిప్పినంక తాగుత."

"నువ్వు బయటోనివైతివి గదనే! నీకేం ఉపాసం?"

సాయన్న బిందె మూతిని అరచేత్తో మూశాడు.

"నువ్వన్న గట్లనకు బాబు భాయ్" అన్నాడు సాయన్న.

బాబు మియా మళ్ళీ అడగలేదు. అడగాల్సింది. ఆ సంగతి తర్వాత చచ్చేదాకా చెప్పుకుని ఏడ్చాడు.

పొద్దు వాలాక కురుమూర్తి గీతను కాలితో చెరిపి, కట్టు విప్పానని గట్టిగా చాటాడు. జనం నీళ్ళ కుండల మీద పడ్డారు. భాగ్యమ్మ చెంబు పట్టుకుని పట్టాల మీదుగా పరుగెత్తింది. సాయన్న స్లీపర్లకు వీపు ఆనించి కూర్చునే ఉన్నాడు. తల ఎడమ భుజం మీదికి వాలింది. నాయినా అని పిలిచింది. నోట్లో నీళ్ళు పోసింది. అవి మీసం వెంట కారి కోటు ముడుల మీద పడ్డాయి. ఒళ్ళు ఇంకా ఎండకు కాలుతూనే ఉంది గనుక బతికే ఉన్నాడని ఆమె చాలాసేపు నమ్మింది.

సాయంత్రం బండి వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి గంజ్ నుంచి ఎవరూ ఎక్కలేదు. గార్డు కాసేపు చూసి, జెండా ఊపి, ఒట్టి డబ్బాలతోనే పోనిచ్చాడు.

శవాన్ని లోపలికి తేవద్దన్నాడు కురుమూర్తి. కట్టు బయట పోయిన ప్రాణం, పచ్చి ఊరికి మంచిది కాదన్నాడు. ఉత్తరం దిక్కున కొత్తగా కొలిచిపెట్టిన కాడు ఉంది గానీ అది ఊరివాళ్ళకు. తుమ్మలచేడుకు మనిషిని పంపితే, వాడు మా ఊరోడు కాదని మల్లయ్య కబురు చేశాడు. ఊరు పొమ్మంటుంది కాడు రమ్మంటుంది అంటారు ముసలివాళ్ళను. సాయన్నను కాడు కూడా రమ్మనలేదు. మరునాడు పొద్దున స్టేషన్ మాస్టరు ఆ పాత స్లీపర్లను వాడుకోమన్నాడు. బాబు మియా, మిల్లు కూలీలు కలిసి పట్టాల పక్కనే చితి పేర్చారు. పట్టాలు మోసిన భుజానికి పట్టాల కింది కర్రే దక్కింది.

భాగ్యమ్మ ఆ సాయంత్రం బండికి ఇటిక్యాల బయలుదేరింది. సేటు భార్య బొట్టుపెట్టి, వచ్చే ఏటికి మళ్ళీ పిలుస్తామంది. భాగ్యమ్మ బండెక్కింది. ఒడిబియ్యం మూట ఒళ్ళో పెట్టుకుని గంజ్ వైపు వీపు తిప్పి కూర్చుంది. బండి కదిలింది. స్లీపర్ల కుప్ప లేచిపోయిన చోట, ఎర్రమట్టిలో, సాయన్న పక్కన పెట్టుకున్న బిందె ఒక్కటే నిలబడి ఉంది. అడుగున ఇంకా రెండు గుక్కల నీళ్ళున్నాయి.